నాయిన దాచిన సీసా

నాసిక్ నుంచి,
పెద్దలకు పెట్టే పెత్రమాసకు ఇంకా పన్నెండు రోజులు ఉండగా.

కోదాడలో ఉంటున్న మా లక్ష్మక్కకు చెల్లెలు స్వరూప దండం పెట్టి రాస్తున్నది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ షుగరు అదుపులో ఉందా, లేక ఇంకా నీ వెనకాల బెల్లం ముక్క నోట్లో వేసుకుంటూనే ఉన్నాడా? చిన్నది బడికి ఏడవకుండా పోతోందా? అమ్మ సంగతి మాత్రం నువ్వే రాయాలి. ఫోన్లో ఎప్పుడు అడిగినా "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న" అంటుంది. మనింట్లో ఆ మాటను నమ్మడానికి లేదు.

చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నువ్వు నవ్వుతావు. నవ్వు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్లో పెడతావు. పక్కన బావ ఉంటాడు, లేదంటే నువ్వు అమ్మ దగ్గర ఉంటావు. నేను అడగవలసింది అందరి ముందు అడిగేది కాదు. ఇప్పటికి రెండుసార్లు అడుగుదామని ఫోన్ చేసి, "అక్కడ వాన పడుతుందా అక్కా" అని పెట్టేశాను. మూడోసారి అదే అడిగితే నాకేదో అయిందని నువ్వు భయపడతావు. అందుకే నువ్వు పనిచేసే బట్టల దుకాణం చిరునామాకు ఇది పంపుతున్నాను. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు చదువు. చీరల మడతల మీద కన్నీళ్లు పడితే మీ సేటు ఊరుకోడు, జర దూరంగా కూర్చో.

ఇక్కడ వాన వదలడం లేదు. మన దగ్గర వాన వచ్చిందంటే వచ్చినట్టు, పోయిందంటే పోయినట్టు ఉంటుంది. ఇక్కడ పొద్దస్తమానం ముసురే. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు. గదిలో నాతో పాటు వందన తాయి ఉంటుంది. తాయి అంటే వీళ్ల భాషలో అక్క. సజ్జరొట్టె చేసి, పల్లీల కారం వేసి, "తిను తిను" అని పక్కన కూర్చుంటుంది. మంచి మనిషి. కానీ అన్నం లేకుండా మూడు పూటలు గడిపేవాళ్లు ఉంటారని ఇక్కడికి వచ్చాకే నమ్మాను. ఆదివారాలు నేను బియ్యం వండుకుని, నువ్వు పంపిన చింతపండుతో పచ్చిపులుసు చేసుకుంటాను. తాయి ఒక గుక్క తాగి, ఇది పొయ్యి మీద పెట్టడం మర్చిపోయావా అని అడిగింది. ఆ రోజు చాలా రోజుల తర్వాత నవ్వాను. నవ్వుతుంటే నాయిన గుర్తొచ్చి మళ్లీ ఏడ్చాను. ఇప్పుడు నాకు ఏది మొదలుపెట్టినా చివరికి అదే అవుతోంది.

నేను చేసే పని ఏమిటో నువ్వు ఎప్పుడూ సరిగ్గా అడగలేదు, నేనూ చెప్పలేదు. సూర్యాపేట హైవే మీద హోటల్లో పనిచేసినప్పుడు అందరికీ అర్థమయ్యే ఉద్యోగం ఉండేది. ఇక్కడికి వచ్చాక నాయిన ఊళ్లో "మా చిన్నబిడ్డ ద్రాక్షతోటల నౌకరి చేస్తది" అని చెప్పుకున్నాడు. బావ మాత్రం "మీ చెల్లెలు వైన్సులో కూర్చుంటుందంట కదా" అని నిన్ను ఏడిపించాడని విన్నాను. ఇద్దరిదీ సగం సగం నిజం. మన దగ్గర వైన్సు అంటే ఇనుప జాలి, ఆ జాలి సందుల్లోంచి లోపలికి దూరే చేతులు. ఇక్కడ అట్లా ఉండదు. బొంబాయి నుంచి, పూనా నుంచి సంసారాలతో వస్తారు. తోట చూసి, చివరికి నేను నిలబడే పెద్ద గదిలోకి వస్తారు. నేను మనిషికి అయిదు గ్లాసులు పెట్టి ఒక్కోదాంట్లో రెండు గుక్కల వైన్ పోస్తాను. ముందు తెల్లవి, తర్వాత గులాబి రంగుది, ఆఖరున ఎర్రవి. ఏది నచ్చిందో అడిగి, ఇంట్లో ఏం వండుకుంటారో అడిగి, దానికి తగిన సీసా చెప్తాను. కొందరు వాసన చూసి, నోట్లో పోసుకుని పుక్కిలించి, ఉమ్మేస్తారు కూడా. ఈ సంగతి ఫోన్లో చెప్తే నాయిన ఎంతసేపు నవ్వాడో. "మరి నోట్లె పోసుకునుడు ఎందుకే?" అన్నాడు.

మొదట్లో ఈ పని నాకు చేతకాలేదు. మా మేడమ్ ఒక్కో వైన్‌కు ఏవేవో విదేశీ పండ్ల పేర్లు చెప్పేది. నేను చూడని పండ్ల వాసన నాకు ఎట్లా తెలుస్తుంది? నీళ్లు నములుతూ నిలబడేదాన్ని. ఒకరోజు తెగించి, "దీంట్లో పచ్చి ఉసిరికాయ ఉంది మేడమ్, పచ్చిమిరపకాయ తుంచినప్పుడు వచ్చే వాసన కూడా ఉంది" అన్నాను. ఆమె మళ్లీ గ్లాసు ఎత్తి వాసన చూసి, "సరిగ్గా అదే" అంది. ఆ తర్వాత నాకు భయం పోయింది. ఒకదాంట్లో తాటిముంజలు, ఒకదాంట్లో ముగ్గిన సీతాఫలం, ఒకదాంట్లో తొలి వానకు తడిసిన మన చెలక మట్టి. అన్నీ మన ఊళ్లో పెరిగిన ముక్కుతోనే పట్టుకున్నాను.

ఆ ముక్కు నాయినది అక్కా. పాలు పిండగానే వాసన చూసి, గొర్లు నిన్న ఏ వైపు మేశాయో చెప్పేవాడు గుర్తుందా? కల్లు కుండ ముందుకు రావడమే ఆలస్యం, "ఇది పొద్దుగాలది కాదు, నిన్నటిది కలిపినవు. తీస్కపో" అని కుండను వెనక్కి పంపేవాడు. గీసిన మనిషి బుకాయించినా వినేవాడు కాదు. తిండి దగ్గర కూడా అంతే. కారం కూర ఉన్ననాడు తియ్యటి కల్లు కావాలి. బోటి, తలకాయ లాంటి కొవ్వున్న కూరయితే కాస్త పులిసిన కల్లు కావాలి. మారిస్తే తాగేవాడు కాదు. ఇక్కడ పెద్ద చదువులు చదివినవాళ్లు నెల రోజులు కూర్చోబెట్టి మాకు నేర్పింది చూస్తే ఇంచుమించు అదే.

చెప్తాను విను, బావకు కూడా పనికొస్తుంది. కారంగా ఉన్న కూరకు ముదురు ఎర్ర వైన్ పెడితే మంట ఇంకా పెరుగుతుంది. కొంచెం తీపి తగిలే తెల్లది బాగా చల్లబరచి తాగితే నాలుక నిమ్మళిస్తుంది. పులుసుకూరకు పుల్లగా ఉన్న వైనే కావాలి, లేకపోతే వైన్ చప్పగా నీళ్లలా అయిపోతుంది. మిర్చిబజ్జీకి, చేపల వేపుడుకు నురగ పొంగే రకం బాగుంటుంది. వేట మాంసాన్ని తక్కువ కారంతో నిప్పుల మీద కాల్చుకుంటే అప్పుడు ఎర్రది. మిఠాయితో తాగితే వైన్ మిఠాయి కంటే తియ్యగా ఉండాలి. అందరూ ముందు పైఅరలో ఖరీదైనవి చూస్తారు. నేను వాళ్ల చూపును కింది అరకు దించుతాను. మా దగ్గర అన్నిటికంటే చవకైన, కాస్త తియ్యటి తెల్ల వైన్ ఒకటి ఉంది. మన పచ్చిపులుసు, ఎండుచేపల బువ్వకు అది సరిపోయినట్టు పైఅరలో ఏదీ సరిపోదు. నేను తిని చూసి చెప్తున్నాను.

ఆ చవక సీసాలకు ఒక గుణం ఉంది. అవి దాచుకునేవి కావు. కొన్న ఏడాదిలోపు, మహా అయితే రెండేళ్లలోపు తాగేయాలి. ఎండ తగలకూడదు, వేడి తగలకూడదు. మూత తీశాక రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. వైన్ ఎన్నేళ్లు ఉంటే అంత రుచి అని జనం అనుకుంటారు. అది నూటికో కోటికో ఒక సీసాకు సంబంధించిన మాట. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకో అక్కా, నేను అడగబోయేదంతా దాని మీదే ఉంది.

పోయిన ఆదివారం ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాల, పక్కన ప్యాంటు వేసుకున్న కొడుకు. నేను గ్లాసు జారవిడిచి "అయ్యో" అన్నాను. ఆయన ఒక్కసారిగా తల ఎత్తాడు.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"పాలకీడు దగ్గర పెద్దయ్యా. మీది?"

"మిర్యాలగూడ. రైసుమిల్లు నడిపేటోన్ని. ఇగ చేతగాక అమ్మిన. కొడుకు పూనాల ఉంటడు. గింత దూరం వచ్చి మనూరి మాట ఇన్న, సూడు!"

ఆయనకు అయిదింటిలోనూ ఆ చవక తెల్లదే నచ్చింది. "ఇది మంచిగున్నది. రెండు సీసలియ్యి. ఇంటికి తీస్కపోయి దాసిపెడత. మా చిన్నబిడ్డ దుబాయిల ఉంటది. ఆమె వచ్చినంక అందరం కూసొని తాగుతం" అన్నాడు.

నాకు ఏమైందో తెలియదు. "దాయొద్దు పెద్దయ్యా" అన్నాను. గట్టిగా అన్నట్టున్నాను, పక్క బల్లవాళ్లు కూడా చూశారు. "ఇది దాసుకునేది కాదు. ఈ వారంలనే తాగుండ్రి. బిడ్డ వచ్చినంక ఇంకోటి కొనుక్కోవచ్చు. బిడ్డ కోసం ఆపొద్దు."

అంటుండగానే కళ్లనుంచి నీళ్లు కారిపోయాయి. పని గదిలో, గిరాకీ ముందు. ఆయన నా ముఖం కాసేపు చూసి, మెల్లగా "మీ నాయిన ఉన్నడా బిడ్డా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన కొడుకుతో ఒక సీసా అక్కడే మూత తీయించి, బయట రేకుల నీడలో బెంచీ మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పూస తింటూ తాగాడు. వాన పడుతూనే ఉంది. పోయేటప్పుడు నా చేతిలో కూడా గుప్పెడు కారప్పూస పెట్టాడు. "జత మంచిగ కుదిరింది" అన్నాడు. మేడమ్ నన్ను ఏమీ అనలేదు. ఆ రోజే నీకు ఉత్తరం రాద్దామనుకున్నాను. ధైర్యం కూడగట్టుకోవడానికి ఇన్ని రోజులు పట్టింది.

నాయినకు నేను పంపిన సీసా కూడా ఆ రకందే అక్కా. నీకు తెలిసిందే అయినా మొదటి నుంచి రాస్తాను, ఎందుకంటే నీకు తెలియనిది మధ్యలో ఉంది.

నేను ఇక్కడ చేరిన మొదటి ఏడు, ఉల్లిగడ్డల లారీ ఒకటి సూర్యాపేట మార్కెట్‌కు పోతుంటే డ్రైవరును బతిమిలాడి ఒక సీసా ఇచ్చి పంపాను. నాయిన పొద్దున్నే మార్కెట్‌కు పోయి, లారీ వచ్చేదాకా బస్తాల మధ్య కూర్చున్నాడు. సీసాను గొంగట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. "గొర్రెపిల్లనా పెద్దమనిషీ? దానికి సుత టికెట్ తీస్కో" అన్నాడట కండక్టరు. ఆ కథ నాయిన నాకు పదిసార్లు చెప్పి ఉంటాడు. ఇంటికి చేరగానే ఫోన్ చేశాడు.

"గిప్పుడే తియ్యాల్నా బిడ్డా?"

"వద్దు నాయినా. దాసిపెట్టు. నేనొచ్చినంక తీద్దాం. ఏ కూరతోని తాగాల్నో నేను చెప్త" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను అక్కా. ఊళ్లో అందరూ ముసలాయన వైన్ సంగతి తెలియక దాచుకున్నాడని అనుకున్నారు. ఆయనకు తెలియక కాదు, నేను దాచమంటే దాచాడు. కొత్తగా నేర్చుకున్న పని కదా, ఏ కూరతో ఏది తాగాలో నాయిన ముందు కూర్చుని చెప్పి మెప్పు పొందాలని నాకు ఆశ. కల్లు సంగతిలో ఆయన నాకు గురువు, ఈ ఒక్కదాంట్లో నేను ఆయనకు చెప్పేదాన్నవుతానని.

ఆయన దాన్ని వడ్ల గుమ్మిలో, వడ్ల లోపల పెట్టాడు. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా గొర్ల సంగతి, వానల సంగతి అయ్యాక చివర్లో "సీస మంచిగున్నది బిడ్డా" అనేవాడు. ఎన్నడొస్తవు అని ఒక్కసారి కూడా అడగలేదు. అది ఆయన అడిగే పద్ధతి అని నాకు తెలుసు. "వస్త నాయినా, వచ్చే నెల వస్త" అనేదాన్ని.

ఆరు నెలలకు మాకు శిక్షణలో చెప్పారు, ఈ రకం సీసాలు దాచుకునేవి కావని. మన రేకుల ఇల్లు, మన వైశాఖపు ఎండ నాకు అప్పుడే గుర్తొచ్చాయి. ఆ సాయంత్రమే ఫోన్ చేసి "నాయినా, నా కోసం చూడకు, ఈ పూటే తాగు" అని చెప్పాల్సింది. చెప్పలేదు. చెప్తే, నేను రావడం లేదని ఒప్పుకున్నట్టు అవుతుందని. వేసవి లోపల పోయి నేనే తీస్తాను కదా అనుకున్నాను. ఆ వేసవి పోయింది, ఇంకో వేసవి కూడా పోయింది.

సెలవు దొరకలేదని మీ అందరికీ చెప్పాను. అది కూడా పూర్తి నిజం కాదు. రెండో ఏడు నాలుగు రోజుల సెలవు దొరికింది. ఇక్కడి ఆడపిల్లలతో కలిసి గోవా పోయాను. సముద్రం చూశాను. అక్కడి నుంచే నాయినకు ఫోన్ చేసి, తోటలో పని ఎక్కువగా ఉందని చెప్పాను. వెనక అలల చప్పుడు వినిపించి "వానా బిడ్డా?" అన్నాడు. "అవు నాయినా, వాన" అన్నాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తున్నాను.

మూడో ఎండాకాలం నాయిన గొర్లదొడ్డి దగ్గర పడిపోయాడు. మిర్యాలగూడ దవాఖానలో రెండు రోజులు నువ్వే దగ్గరున్నావు. నేను చేరేసరికి ఇంటికి తెచ్చేశారు. మట్టి చేసేముందు ముఖం చూశాను, అంతే. ఆ రెండు రోజులు నీకు దొరికినందుకు నీ మీద నాకు అసూయగా ఉంది అక్కా. ఇట్లా రాస్తున్నందుకు ఏమనుకోకు.

పదకొండో దినం నాడు అమ్మ తలకాయ కూర వండింది. ఫొటో ముందు కూర పెట్టింది, దొప్పలో కల్లు పోసింది, బీడీకట్ట పెట్టింది. తర్వాత లోపలికి పోయి, గుమ్మిలో చెయ్యి పెట్టి, నాయిన తలరుమాలులో చుట్టి ఉన్న సీసాను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వొచ్చినంక తీద్దామన్నడు గదా మీ నాయిన. తియ్యి బిడ్డా."

అందరూ నన్నే చూస్తున్నారు. అది మెలితిప్పే మూత. మొదటిసారి తిప్పినప్పుడు కింది రింగు తెగి టక్కుమంటుంది. నేను రోజూ ఎన్ని తీస్తానో, ఆ చప్పుడు నా వేళ్లకు తెలుసు. ఆ రోజు చప్పుడు రాలేదు. రింగు ముందే తెగి ఉంది. సీసాలో వైన్ కూడా ఉండాల్సినంత లేదు, వేలెడు తక్కువ. ఎవరో ముందే తీసి, కొంచెం పోసుకుని, మళ్లీ బిగించి పెట్టారు. నాయిన రుమాలులోనే చుట్టి ఉంది కదా, ఇంకెవరు?

నాయిన స్టీలు గ్లాసులో పోశాను. తెల్లగా మెరవాల్సింది టీ డికాక్షన్ రంగులోకి తిరిగింది. వాసన గుప్పుమంది. అడుగంటిన పచ్చడి జాడీ కడిగిన నీళ్ల వాసన. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఖతం అయిపోయింది, పూర్తిగా పులిసిపోయింది. అమ్మ నా ముఖంలోకే చూస్తోంది.

"మంచిగున్నదా బిడ్డా?"

"మంచిగున్నదమ్మా" అన్నాను.

మీ అందరికీ తలా కొంచెం పోశాను. ఒక్కరూ ముఖం చిట్లించలేదు. బావ ఒక గుక్క మింగి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే "బాగుందత్తమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి బావ అంటే నాకు గౌరవం పెరిగింది, ఆయనకు చెప్పకు. అమ్మ మూత బిగించి, "మిగిలింది పెత్రమాసకు మీ నాయినకు పెడత" అని మళ్లీ గుమ్మిలో దాచింది. నేను అడ్డు చెప్పలేకపోయాను. మళ్లీ వడ్లలోకే, మళ్లీ దాచడమే.

ఆ సాయంత్రం నేను ఆటో ఎక్కబోతుంటే నువ్వు నా చెయ్యి పట్టుకుని, "సీసా సంగతి నీకొకటి చెప్పాలే" అన్నావు. అంతలో చిన్నమ్మ నిన్ను పిలిచింది. ఆటో కదిలింది. నువ్వు మళ్లీ చెప్పలేదు, నేను మళ్లీ అడగలేదు. నువ్వు మర్చిపోయి ఉంటావేమో. నేను భయంతో అడగలేదు.

నాయిన అది ఎప్పుడు తీశాడు అక్కా? నాకు కావాల్సింది అదొక్కటే.

మొదటి ఏడే, చలికాలంలో, ఆశ ఆపుకోలేక ఒక మూతెడు తాగి ఉంటే అది బాగుండి ఉంటుంది. నేను ఎవరెవరికో రోజూ పోసే రుచే ఆయన నాలుక మీద కూడా పడి ఉంటుంది. పెదాలు చప్పరించి ఉంటాడు. అది నిజమైతే నాకు చాలు, ఇంకేం అక్కర్లేదు. కానీ పోయిన ఎండాకాలం తీసి ఉంటే? అప్పటికే అది పాడైపోయి ఉంటుంది. ఆ ముక్కుకు ఒక్క పీల్పులో తెలిసిపోయి ఉంటుంది. మా బిడ్డ దేశం కాని దేశంలో ఉండి జనానికి పోసేది ఇదా అనుకుని ఉంటాడు. మూత బిగించి, రుమాలు చుట్టి, వడ్లలో పెట్టి, ఆ వారం ఫోన్లో కూడా "సీస మంచిగున్నది బిడ్డా" అన్నాడు. పడిపోవడానికి మూడు రోజుల ముందు కూడా అదే అన్నాడు. కల్లులో నిన్నటిది కలిపితే కుండనే వెనక్కి పంపిన మనిషి, నా సీసాకు మాత్రం ఒక్క వంక పెట్టలేదు. అమ్మతో నేను చెప్పిన మాటే ఆయన నాతో చెప్పాడా?

ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు, అమ్మకు తెలియకుండా గుమ్మిలోంచి ఆ సీసా తీసి పారబోయమని నీకు రాద్దామనుకున్నాను. ఇంత దూరం రాశాక మనసు మారింది. అమ్మకు కూడా ఇది చదివి వినిపించు. గోవా సంగతి కూడా దాటెయ్యకు. వినిపించాక, ఆ పాడైంది ఇద్దరూ కలిసి పారబోయండి. పెత్రమాసకు నాయిన ముందు మళ్లీ దాన్నే పెడితే నేను తట్టుకోలేను.

నేను వస్తున్నాను. ఈసారి, "వస్త నాయినా" అన్నట్టు కాదు, సెలవు రాయించుకున్నాను, బస్సు టికెట్ నా సంచిలో ఉంది. పెత్రమాస ముందురోజు పొద్దున సూర్యాపేటలో దిగుతాను. కొత్త సీసా ఒకటి తెస్తున్నాను, ఈ ఏటిదే, చవకదే. దానికి ఏ కూర వండాలో నేను చెప్పను. అమ్మకు ఏది వండాలనిపిస్తే అదే. నాయిన ముందు పెట్టి, ఆ పూటే అందరం తలా ఒక గుక్క తాగి ఖాళీ చేద్దాం. మిగిలితే చెట్టు మొదట్లో పోద్దాం గానీ ఎవరి కోసమూ దాయొద్దు.

చింతపండు, పండుమిరప తొక్కు ఇప్పుడు పంపకు, వచ్చినప్పుడు నేనే తెచ్చుకుంటాను. తాయి నీకు నమస్కారాలు చెప్పమంది. చిన్నమ్మకు, పెద్దనాయినకు నా దండాలు. చిన్నదానికి ముద్దులు. బావకు బెల్లం దొరకకుండా చూడు. అమ్మ కాళ్లకు నా బదులు మొక్కి, నన్ను దీవించమని అడుగు. నీ దీవెన కూడా కావాలి.

సూర్యాపేట బస్టాండుకు నువ్వు ఒక్కదానివే రా. బస్సు దిగగానే, ఇంటికి పోకముందే, ఎక్కడైనా కూర్చుని చెప్పు. ఎప్పుడు తీశాడు, ఏ కూర తింటూ తాగాడు, తాగి ఏమన్నాడు. నా ముఖం చూసి జాలిపడి మార్చి చెప్పకు. సీసా మంచిగున్నదని మాత్రం అనకు అక్కా.

నీ చెల్లెలు,
స్వరూప